తెల్లగుడ్డు మీది ఎరుపు

పాత పనిగది,
ఫిబ్రవరి 4

నల్లగుడ్లు గీసే కళాకారిణి గారికి,

ఇరవై రెండేళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి ఎవరో పోయారనుకుంటావు. ఇంకా ఎవరూ పోలేదు. ఇది ఉత్తరం కూడా కాదు, ఆర్డరు.

ఎడమ వైపుకి ఒక గాజుకన్ను కావాలి. మనిషి వయసు డెబ్భై ఒకటి. ఆ మనిషిని నేనే.

జుట్టు కత్తిరించే అతను మొన్న శీతాకాలంలో, "సార్, మీ కింది రెప్ప లోపల ఎర్రగా ఉంది, మూడోసారి చెప్తున్నాను" అన్నాడు. మొదటి రెండుసార్లు చెప్పినట్టు నాకు గుర్తు లేదు. రెప్ప కాస్త బరువెక్కిన మాట నిజమే, వయసు అనుకున్నాను. డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. లింఫోమా అట. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారి తప్పి కంటి చుట్టూ చేరి గడ్డ కట్టే కాన్సరు. కుడివైపు కూడా చిన్న మచ్చ ఉందట. కన్ను, కాన్సరు అనే రెండు మాటలూ ఒకే వాక్యంలో విన్నాక మిగతాది నేను వినలేదు. వినే పనేముంది? ఆ వాక్యం విన్నవాళ్ళే కదా నలభై ఏళ్ళపాటు గాజుకళ్ళు చేసే మన పనిగదికి వచ్చింది. వచ్చేసరికి అందరికీ కన్ను తీసేసి ఉండేది.

అసలు కన్ను ఉండగానే దాని పక్కన పెట్టి రంగు చూసుకోవడం మన పేషెంట్లెవరికీ దక్కని భాగ్యం. నాకు దక్కింది. రాసుకో: ముదురు గోధుమ, దాని మీద పలచని ఆకుపచ్చ పూత, అంచున బూడిదరంగు గీత. నాన్న కళ్ళే. కన్ను తీశాక గూటి అచ్చు మైనంతో నేనే తీసి పంపిస్తాను, చేతులు ఇంకా పనిచేస్తున్నాయి. రంగు నువ్వు వెయ్యాలి. నీ అంత బాగా ఇంకెవరూ వెయ్యరని కాదు, మిగతావాళ్ళు నీకన్నా అధ్వాన్నమని.

టీచరు గారి కన్నులా పాడుచెయ్యకు. తప్పు రంగు వేసి, నిలదీస్తే కుంచెల పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయినదానివి నువ్వు. నేను మరిచిపోలేదు.

ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే నాకు తిట్లే వస్తాయి. కాగితమైతే ఒకసారి చదువుకుని తిడతాను.

ఒకప్పటి అన్నయ్య

*

ఆసుపత్రి వెనక గది,
ఫిబ్రవరి 11

అన్నయ్యకి,

ఆర్డరు అందింది. తీసుకోవడం లేదు.

కన్ను తీస్తానని డాక్టరు అందా, నువ్వు అనుకున్నావా? సగం విని లేచి వచ్చేశావని నీ ఉత్తరమే చెబుతోంది. నేను ఇప్పుడు కళ్ళు గీసేది ఇక్కడి కంటి ఆసుపత్రిలో. నా గదికి ముందు నాలుగు గదులున్నాయి, వాటిలో ఏం జరుగుతుందో రోజూ వింటాను. కన్ను తీయాల్సిన కాన్సర్లు వేరు. నువ్వు రాసినది చాలావరకు నెమ్మదిగా పెరిగే రకం, దానికి మందులున్నాయి. కన్ను మిగిలినవాళ్ళు మన దగ్గరికి ఎందుకొస్తారు అన్నయ్యా? మనం ఓడినవాళ్ళనే చూశాం. అందుకని ఆట మొత్తం ఓటమే అనుకున్నాం.

మళ్ళీ వెళ్ళు. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్ళు. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో పుస్తకాల్లో చదివింది చెప్పకు.

నాకు అరవై ఆరొచ్చాయి. మెట్లెక్కితే ఆయాసం. మీ బావ పోయి ఆరేళ్ళయింది. నువ్వు రాలేదు. అడగడానికి రాయడం లేదు, నీకు లెక్క తెలుసో లేదో అని.

చెల్లెలు

*

కాన్సరు ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ,
మార్చి 12

చెల్లెలికి,

బావ సంగతి తెలుసు. ఆ రోజు బట్టలు కూడా వేసుకుని తయారయ్యాను. నా గుమ్మం దాకా వచ్చి, నువ్వు తలుపు తియ్యవేమోనని కూర్చుండిపోయాను. దీనికి జవాబు రాయకు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. "కన్ను తీసేస్తానని ఎవరు చెప్పారండీ?" అంది. "నా వృత్తి" అన్నాను. ఆవిడకి నా మనవరాలి వయసుంటుంది, నాకు మనవరాలు ఉండి ఉంటే. బొమ్మ వేసి చూపించింది. రేడియేషన్ ఇవ్వొచ్చట, కానీ కన్ను ఎండిపోతుంది, శుక్లం త్వరగా వస్తుంది, అదీ రెండు కళ్ళకి. అందుకని ముందు ఇమ్యునోథెరపీ. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు నరంలోకి ఎక్కిస్తారు. ఆ కణాల ఒంటి మీద ఒక గుర్తు ఉంటుందట. మందు వెళ్ళి ఆ గుర్తుకి అతుక్కుంటుంది. అతుక్కున్న కణాన్ని మన ఒంట్లోని కాపలావాళ్ళే పట్టుకుని చంపుతారట. అంటే శత్రువెవరో నా ఒంటికి ఇన్నాళ్ళూ తెలియలేదు, బయటినుంచి ఒకరొచ్చి వేలుపెట్టి చూపించాలి. నాకు నవ్వొచ్చింది. నా శత్రువులు నాకెప్పుడూ స్పష్టంగానే తెలుసు.

ఈ రోజు మొదటిది. ముందే కాలేయానికి సంబంధించిన పాత వైరస్ ఏదైనా దాక్కుందేమో చూశారు, లేదు. జ్వరం మాత్ర, ఎలర్జీ ఇంజెక్షను ఇచ్చి మొదలెట్టారు. అరగంటకి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా కుర్చీ ఊగిపోయింది. నర్సు వచ్చి మందు వేగం తగ్గించి, "తాతగారూ, కట్టుడు పళ్ళయితే తీసి ఇవ్వండి, చప్పుడుకి పక్కాయన నిద్ర లేచాడు" అంది. "సొంతవే" అన్నాను. "అయితే మరీ జాగ్రత్త" అంది. మొత్తం ఆరు గంటలు పట్టింది. నేను చదివిన నవలల్లో రోగులు మంచం మీద పడి గొప్ప సత్యాలు తెలుసుకుంటారు. నాకు తెలిసింది ఒక్కటే, ఆ కుర్చీ కుడిచేతి పిడి వదులైంది.

ఆరు గంటలు కూర్చోబెడితే ఎవడైనా ఆత్మకథ మొదలెడతాడు. నేనూ మొదలెట్టాను. పనిగది చరిత్ర. మొదటి అధ్యాయం నాన్న మీద. నాకు పదకొండేళ్ళప్పుడు నా చేతిలో కుంచె తీసుకుని, ఆరేళ్ళదానివి, నీకిచ్చాడు. పెద్దకొడుకుని మైనం కరిగించడానికి పెట్టాడు. అరవై ఏళ్ళయినా ఆ మైనం వాసన ముక్కులోనే ఉంది. నువ్వంటే ఆయనకి ముద్దు, అంతే. ఆయన పోయాక పనిగదికి పెద్దనయ్యాను గనక సరిపోయింది. నువ్వు గీసిన ప్రతి కన్నూ పేషెంటు మొహం పక్కన పట్టుకుని "కుదిరింది" అని నేను అంటేనే గుమ్మం దాటింది. ఇదంతా రాస్తున్నాను, ఎవరినీ వదలను.

అన్నయ్య

*

ఆసుపత్రి వెనక గది,
మార్చి 18

అన్నయ్యా,

చలి తగ్గిందా? రెండోసారికి అంత ఉండదని ఇక్కడి నర్సు చెప్పింది. ఒంటరిగా వెళ్ళకు. ఎవరూ లేకపోతే జుట్టు కత్తిరించే అతన్నయినా తీసుకెళ్ళు, నీ కంటిని చూసేవాడు అతనొక్కడేలా ఉన్నాడు.

నిన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు. కన్ను పెట్టి అద్దం ఇచ్చాను. ఎంతసేపు చూసుకున్నాడో. "అమ్మా, కొంచెం అలిసిపోయినట్టు గీయగలవా? ఈ కన్ను మరీ హుషారుగా ఉంది, రెండోది చూడు పాపం" అన్నాడు. నిజమే. తెల్లగుడ్డు మీద ఇంకో రెండు ఎర్ర దారం పోగులు అతికించాను. సంతోషపడి వెళ్ళాడు.

కుంచె సంగతి పుస్తకంలో రాయకు. నీకు తెలిసింది సగం. మిగతా సగం చెప్పనని నాన్నకి మాటిచ్చాను. నన్ను తిట్టుకో, ఎంతయినా రాసుకో. ఆ అధ్యాయం మాత్రం వద్దు.

చెల్లి

*

ఆసుపత్రి, మూడో అంతస్తు,
మార్చి 26

చెల్లీ,

నీ సగాలు నీ దగ్గరే ఉంచుకో. నాకు ఇక్కడ ఇంకో గొడవ వచ్చిపడింది.

ఈ రోజు మూడో మందు. ఎక్కించే ముందు డాక్టరమ్మ రంగు చుక్కల పుస్తకం తెచ్చింది. చుక్కల మధ్య అంకెలు ఉంటాయట. మొదటి పేజీలో పన్నెండు కనపడింది. ఆ తర్వాత ఒక్కటీ కనపడలేదు. కుడి కన్ను మూసి చూశాను, ఎడమ కన్ను మూసి చూశాను. చుక్కలే. ఆవిడ మొహం మారిపోయింది.

కంటి వెనక చూపు నరాన్ని గడ్డ నొక్కితే ముందు పోయేది రంగులేనట. ఎడమవైపు గడ్డ నరానికి దగ్గరలోనే ఉంది. కుడివైపు మచ్చ పైపైనే ఉంది, నరం దగ్గర స్కానులో ఏమీ లేదు, అయినా రంగులు రెండువైపులా పోయాయి. ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగింది, "పుట్టినప్పటినుంచీ ఇలాగే ఉందేమో, బాగా గుర్తు తెచ్చుకోండి. కొంతమంది మగవాళ్ళకి ఎరుపు, ఆకుపచ్చ తేడా పుట్టుకతోనే తెలియదు." నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, నేను నలభై ఏళ్ళు మనుషుల కళ్ళ రంగులకి తీర్పు చెప్పినవాణ్ణి" అన్నాను. "అయితే ఇది కొత్తగా వచ్చినట్టే. ఈ మందు నెమ్మదిగా పనిచేస్తుంది, అప్పటిదాకా నరం ఆగదు" అంది. వచ్చే గురువారం నాలుగో మందు బదులు రేడియేషన్ మొదలు. రెండు కళ్ళకీ, పెద్ద మోతాదులో. కళ్ళు ఎండిపోతాయి, ఎడమ కన్ను ఎంత మిగులుతుందో చెప్పలేనంది. సంతకం పెట్టాను.

విసుగ్గా ఉంది చెల్లీ. భయం కూడా కాదు. నాకున్నది చదువుకోవడం ఒక్కటే. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, పని లేదు, అల్మారా నిండా పుస్తకాలున్నాయి. కళ్ళు పోతే ఆ అల్మారాకీ నాకూ తేడా ఏముంది?

నా రంగుల చూపు ఎలాంటిదో నీకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. అది పోయిందంటే ఏం పోయిందో నీకే తెలుస్తుంది. అందుకే రాస్తున్నాను.

అన్నయ్య

*

ఇల్లు,
మార్చి 29

అన్నయ్యా,

ఈ ఉత్తరం మనిషికిచ్చి పంపుతున్నాను, నీ చేతికే ఇచ్చి రమ్మన్నాను. చదివి చింపెయ్యకు. డాక్టరమ్మకి చూపించాలి. గురువారం లోపలే.

నీ రంగుల చూపు ఇప్పుడు పోలేదు. అది నీకెప్పుడూ లేదు.

నీకు పదకొండేళ్ళప్పుడు నాన్న ఒక తెల్లగుడ్డు నీకిచ్చి, ఎర్ర పట్టుదారం పోగులు అతికించమన్నాడు, నరాల్లా. అమ్మ కుట్టుదారాలు కూడా ఆ దారాల పెట్టెలో కలిసిపోయి ఉన్నాయి. నువ్వు చాలా శ్రద్ధగా, చాలా అందంగా ఆకుపచ్చ పోగులు అతికించి తెచ్చావు. నేను నవ్వబోతే నాన్న నా నోరు మూశాడు. మర్నాడు నీచేత దారాలన్నీ రంగుల వారీగా కుప్పలు పెట్టించాడు. ఆ కుప్పలు చూసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుంచె నాకిచ్చింది అప్పుడే. ముద్దు చేసి కాదు. "వాడికి తెలియనివ్వకు. తెలిస్తే ఈ పని వదిలేస్తాడు, వాడికి ఇంకో పని రాదు" అన్నాడు. నాకు ఆరేళ్ళు. సరే అన్నాను.

నువ్వు పెద్దవాడివయ్యాక ప్రతి కన్నూ నీ ముందు పెట్టేటప్పుడు "ఇది బాగా కుదిరినట్టుంది కదా అన్నయ్యా" అనేదాన్ని. గుర్తుందా? ముదురు, లేత తేడాలు నువ్వు నాకన్నా బాగా పట్టేవాడివి, అది నిజం. రంగు మాత్రం నేను ముందే చెప్పేసేదాన్ని. టీచరు గారి కన్ను రోజున నేను అలా అనలేదు, పక్కగదిలో ఉన్నాను. నీకు కుదరలేదనిపించింది, నువ్వే కుంచె తీసి దిద్దావు. నేను వచ్చేసరికి గోధుమ కన్ను పాచి పట్టినట్టు ఉంది. ఆవిడ తిరిగి తెస్తే "అద్దంలో చూసుకోవడం నేర్చుకోండి" అని అందరి ముందూ అన్నావు. ఆ తర్వాత తప్పు రంగు వేశానని నన్ను అన్నావు. నిజం చెప్పడమో వెళ్ళిపోవడమో, రెండే మిగిలాయి నాకు. ఆవిడకి ఆ నెలలోనే ఇంకో కన్ను చేసిచ్చాను.

నమ్మకపోతే ఇంకోటి. ఫిబ్రవరిలో నీ కంటికి రంగు రాసి పంపావు చూడు, ఆకుపచ్చ పూత అని. మన ఇంట్లో ఎవరి కంట్లోనూ ఆకుపచ్చ లేదు. నాన్న కళ్ళూ, నీ కళ్ళూ గోధుమలో ఎరుపు కలిసిన రంగు.

డాక్టరమ్మా, మీరు చదువుతుంటే, ఇది పుట్టుకతో వచ్చింది. నేను సాక్షిని. నాన్న చేయించిన ఆ మొదటి తెల్లగుడ్డు నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చూడండి. ఆయన కళ్ళు కాల్చకండి.

చెల్లి

*

పాత పనిగది,
ఏప్రిల్ 3

నీకు,

చూపించాను. డాక్టరమ్మ ఆ తెల్లగుడ్డు చేతిలో తిప్పి తిప్పి చూసింది. నరాల్లో విద్యుత్తు ఎలా వెళ్తుందో చూసే పరీక్ష ఒకటి అప్పటికప్పుడు చేయించింది. రెండు నరాలూ బాగానే ఉన్నాయి. నేను పెట్టిన సంతకం కాగితం చింపేసింది. నాలుగో మందు ఎక్కించారు. ఈసారి చలి లేదు, రెండు గంటల్లో అయిపోయింది.

నర్సు "ఇవేంటి తాతగారూ, ఆకుపచ్చ నరాలు?" అని అడిగింది. మూడో అంతస్తంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

ఇప్పుడు నా మాట విను. నువ్వు నా కళ్ళు కాపాడావు, ఒప్పుకుంటున్నాను. దానికి నేను కృతజ్ఞుణ్ణి కాను. నాన్నా, నువ్వూ కలిసి అరవై ఏళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చేశారు. తెల్లకోటు వేసుకుని, మెడ వెనక్కి వంచి, "కుదిరింది" అని నేను అంటుంటే నువ్వు పక్కన నిలబడి ఏమనుకునేదానివి? ప్రతిరోజూ? గుడ్డివాణ్ణి చెయ్యిపట్టి రోడ్డు దాటించినట్టు దాటించావు, పైగా దాటుతున్నది నేనేనని నన్ను నమ్మించావు. మైనం పని నాకు బాగా వచ్చు. మొదటే చెబితే మైనం పనే చేసుకుంటూ బతికేవాణ్ణి, పేరు కూడా తెచ్చుకునేవాణ్ణి. నాకు ఇంకో పని రాదని తేల్చడానికి ఆయనెవరు?

రాసినవి నూట పది పేజీలు. ఎవరెవరిని ఎక్కడెక్కడ పట్టుకోవాలో అంతా రాశాను. ఇప్పుడు చదువుతుంటే తప్పు చేసినవాడు ఒక్కడే కనిపిస్తున్నాడు, అది రాసినవాడు. మంచి నవలలో అయితే ఇక్కడ ఏడ్చేవాణ్ణి. నాకు ఆకలేసింది. తిని పడుకున్నాను.

*

ఆసుపత్రి వెనక గది,
ఏప్రిల్ 15

అన్నయ్యా,

తిట్టు. నీకు ఆ హక్కుంది.

ఏమనుకునేదానివి అన్నావు. చెబుతాను. మొదట్లో జాలి. తర్వాత అలవాటు. ఇంకా తర్వాత, ఇది ఎవరికీ చెప్పలేదు, నాకు అది ఇష్టమయింది. పనిగది నీది, బోర్డు మీద పేరు నీది. కానీ నేను లేకపోతే నువ్వు ఒక్క కన్ను కూడా బయటికి పంపలేవని నాకొక్కదానికే తెలుసు. నీకు నిజం చెబితే అది పోతుంది. నాన్నకిచ్చిన మాట అడ్డం పెట్టుకున్నాను. ఆయన పోయిన రోజే నీకు చెప్పి ఉండొచ్చు.

నేను వెళ్ళిపోయాక పనిగది మూడేళ్ళు కూడా నడవలేదని విన్నాను. ఆ రోజు సంతోషించాను. ఇది కూడా నీ పుస్తకంలో రాసుకో.

స్కాను ఎప్పుడు?

చెల్లి

*

పాత పనిగది,
జూలై 16

చెల్లీ,

మూడు నెలలు రాయలేదు. కోపం కొంత, బద్ధకం ఎక్కువ. ఈ మందు తర్వాత మనిషి ఉతికి పిండేసిన గుడ్డలా ఉంటాడు. పొద్దున పేపరు చదివితే మధ్యాహ్నం దాకా పడుకోవాల్సొచ్చింది. చరిత్ర పుస్తకాన్ని అట్టపెట్టెలో పెట్టి దారం కట్టేశాను. ఏ రంగు దారమో అడగకు.

నిన్న స్కాను చూపించారు. కుడివైపు మచ్చ లేదు. ఎడమవైపు గడ్డ కరిగి బియ్యపుగింజంత ఉంది, ఇంకా తగ్గుతుందట. రెప్ప తేలికైంది. మళ్ళీ చదువుతున్నాను. కొత్తగా వచ్చిన రచయితలు పాతవాళ్ళకన్నా అధ్వాన్నం, ఈ ఆనందం మళ్ళీ దక్కుతుందనుకోలేదు.

టీచరు గారింటికి వెళ్ళాను. పెద్దావిడయిపోయింది, తలుపు తీసి నన్ను గుర్తుపట్టి కూడా లోపలికి రమ్మంది. "మీ కన్ను పాడుచేసింది నేనండీ, మా చెల్లెలు కాదు" అన్నాను. "తెలుసు. మీ చెల్లెలు మీ మీద ఒక్క మాట చెప్పలేదు, అందుకే తెలిసింది" అంది. రెండు కళ్ళూ చూశాను. ఏది నువ్వు చేసిందో నాకు తెలియలేదు. "కుదిరిందాండీ?" అని అడిగాను. ఆ మాట నేను అడగడం అదే మొదటిసారి. ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను తాగేసి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ జబ్బు మళ్ళీ రావచ్చట. వస్తే మొదట తెల్లగుడ్డు మీద, రెప్ప మడతలో లేత ఎరుపు మచ్చలా కనపడుతుందట, నొప్పి ఉండదట. "నెలకొకసారి అద్దంలో చూసుకోండి, ఎరుపు కనపడితే వెంటనే రండి" అని డాక్టరమ్మ అలవాటుగా చెప్పేసి, నాలిక కరుచుకుంది. నెలల తరబడి ఆ ఎరుపు అద్దంలో నా ఎదురుగానే ఉంది చెల్లీ. కళ్ళు చేసేవాణ్ణి, రోజూ గడ్డం గీసుకున్నాను, చూడలేదు. జుట్టు కత్తిరించే అతను ఊరు మారిపోయాడు. "ఇంట్లో చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఆవిడ అడిగింది. ఆలోచించి చెప్తానన్నాను.

ఆలోచించాను. నాకు ఇంకా కోపం తగ్గలేదు, నీకూ తగ్గి ఉండదు. తగ్గాక చూద్దామంటే మన వయసులో కుదరదు. నెలకొకసారి, మొదటి ఆదివారం, పది గంటలకి రా. ఉత్తరం వైపు కిటికీ తుడిపించాను, వెలుతురు బాగుంటుంది. కుర్చీ వేసుకుని కూర్చుంటాను, రెప్ప కిందికి లాగి చూడు. ఎరుపు ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పు. నాకు నచ్చేలా చెప్పకు.

మెట్లు పదహారు. ఆగి ఆగి ఎక్కు.

అన్నయ్య